నాయన చూపించిన చుక్క

మా నాయన దాసప్పతో మాట్లాడాలంటే ఓపిక ఉండాలి. ఎవరేం చెప్పినా దాన్ని తిరిగి వాళ్లకే అప్పజెప్పేవాడు. అంగడి ఆదినారాయణ శెట్టి "హిందూపురం నుంచి ఎల్లుండి కొత్త బెల్లం వస్తాది దాసప్పా" అంటే, "హిందూపురం నుంచి ఎల్లుండి కొత్త బెల్లం వస్తాది. అందిందప్పా" అనేవాడు. సంగటి ఆరిపోతోంది రా నాయనా అని నేను పిలిస్తే, సంగటి ఆరిపోతోందనీ తాను రావాలనీ నాకే చెప్పి, అందిందమ్మా అని, అప్పుడు లేచేవాడు. ఈలోగా సంగటి నిజంగానే ఆరిపోయేది. పెనుకొండలో సగం మంది ఆయన్ని దాసప్ప అనకుండా అందిందప్ప అనేవాళ్లు. ఆయన ఎన్నడూ నొచ్చుకోలేదు.

ఈ జబ్బు ఆయనకు మిలిటరీలో తగులుకుంది. పెద్ద యుద్ధం రోజుల్లో సిగ్నల్ దళంలో చేరి, వాయవ్య సరిహద్దులో చెట్టూ చేమా లేని కొండల మీద కొన్నేళ్లు ఉన్నాడు. అక్కడ ఆయన పని అద్దంతో. మూడు కాళ్ల మీద నిలబెట్టిన గుండ్రటి అద్దం, దానికొక మీట. ఎండను ఆ అద్దంలో పట్టి, మీట నొక్కుతూ వదులుతూ, ఎదురు కొండ మీదున్నవాడికి మెరుపులతో అక్షరాలు పంపాలి. వాడు అదే మాటను తిరిగి మెరిపించాలి. రెండూ సరిపోయాయని తేలాకే అందినట్టు లెక్క. ఒక్క అక్షరం తప్పితే ఫిరంగి గుండు మనవాళ్ల మీదే పడుతుంది. అందుకే అందనిదాన్ని అందిందనడం ఆయన దృష్టిలో దొంగతనం కన్నా పెద్ద తప్పు. అబద్ధం ఆడని మనుషులు లోకంలో ఇంకా ఉండొచ్చు గానీ, మా నాయన మర్యాదకి కూడా ఆడేవాడు కాదు. పెళ్లి భోజనానికి పోయి, ఎట్లుందప్పా వంట అని పెళ్లికూతురి తండ్రి అడిగితే, పులుసులో ఉప్పు తక్కువైందని చెప్పి వచ్చిన మనిషి. ఆ ఇంటివాళ్లు మాతో చాలా రోజులు మాట్లాడలేదు.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయన అక్క యశోదమ్మ అప్పటికే భర్తను పోగొట్టుకుని ధర్మవరంలో ఉండేది. కొడుకు అశ్వత్థప్పను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చి, నన్నూ వాడినీ కలిపి పెంచింది. నేను ఆమెను మొదట్నుంచీ అత్తా అనే పిలిచేదాన్ని. పెద్దయ్యాక అశ్వత్థప్పకే నన్నిచ్చి చేశారు కాబట్టి పిలుపు మార్చుకునే పని లేకపోయింది. అత్త మాటకారి. ఇల్లంతా ఆమె గొంతే వినపడేది. ఊళ్లో ఇంకెవరి మాటకైనా నాయన తిరిగి అప్పజెప్పి ఊరుకునేవాడు గానీ, అత్త మాటకు అప్పజెప్పి, ఆ తరవాత భయపడేవాడు కూడా.

మిలిటరీ నుంచి వచ్చాక మాకున్న చెనిక్కాయల చేను చూసుకున్నాడు. సేద్యం ఆయన చేతికి లొంగలేదు. ఊరు దయతలచి పంచాయతీ రేడియో ఆయనకు అప్పగించింది. కరెంటు రాకముందు దాని బ్యాటరీని రైల్లో హిందూపురానికి తీసుకుపోయి ఛార్జి చేయించుకొచ్చేవాడు. పక్కన ఎంత చోటున్నా దాన్ని ఒళ్లోనే పెట్టుకునేవాడు. సాయంత్రం వార్తల వేళకి జనం పంచాయతీ ఆఫీసు ముందు చేరితే, రేడియో ఒకసారి చెప్పేది, నాయన ఒకసారి చెప్పేవాడు. చెవుడున్న ముసలివాళ్లు ఆయన పక్కనే కూర్చునేవాళ్లు.

మీసం రాకముందే అశ్వత్థప్పకు అద్దం పిచ్చి అంటించింది నాయనే. అత్త బొట్టు పెట్టుకునే అద్దం వాడి జేబులో కొండెక్కిపోయింది. నా అద్దం నాయన చేతిలో మిద్దె మీద ఉండిపోయింది. పెనుకొండ కొండ మీద బురుజు దగ్గర వాడు, కింద మిద్దె మీద ఈయన, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు మెరిపించుకునేవాళ్లు. నేను వయసుకొచ్చాక ఒకరోజు మిద్దె మీద వడియాలు పెడుతుంటే కొండ మీది వెలుగు వచ్చి సరిగ్గా నా మొహాన పడింది. సంబంధం అప్పటికే అనుకున్నారు. నా బుగ్గలు వేడెక్కాయి. నాయన పక్కనే నిలబడి గట్టిగా చదివేశాడు: "ఆకలైతాంది, ఏం చేసినారు అంటాండాడు." సంగటి, ఊరిబిండి అని ఒక్కో అక్షరం తిరిగి మెరిపించాడు. నా వైపు చూడను కూడా లేదు. అంత కోపం నాకు మళ్లీ రాలేదు.

వాడు సిగ్నల్ దళంలోనే చేరతానంటే అత్త ఒప్పుకోలేదు. రెండు నెలలు ఇంట్లో అదే గొడవ. నాయన అక్క కాళ్ల దగ్గర కూర్చుని, సిగ్నల్‌వాళ్లు తుపాకుల ముందుకు పోరనీ, వెనకాలే ఉంటారనీ, తాను క్షేమంగా రాలేదా అనీ నచ్చజెప్పాడు. చివరికి ఆమె ఊ అంది.

"నీ మాట మీద పంపిస్తాండా తమ్ముడా. నాకు వాడొక్కడే."

"నా మాట మీద పంపిస్తాండావు. నీకు వాడొక్కడే. అందిందక్కా" అన్నాడు నాయన. ఆ పూట ఆ అలవాటుకు ఎవరం నవ్వలేదు.

రష్యావాళ్లు ఆకాశంలోకి మొదటి ఉపగ్రహం వదిలినప్పుడు పంచాయతీ రేడియో ముందు ఊరంతా చేరింది. అయితే నాయనకు నిజంగా పిచ్చి పట్టింది ఆ తరవాత మూడేళ్లకు, అమెరికావాళ్లు వెండిపూత పూసిన పెద్ద బెలూను పైకి పంపినప్పుడు. బెంగళూరు నుంచి రైల్లో వచ్చే ఇంగ్లీషు పేపర్లో అది ఏ సాయంత్రం ఏ దిక్కున కనపడేదీ వేసేవాళ్లు. నాయన వీధినంతా మా మిద్దె ఎక్కించాడు. పడమటి నుంచి ఒక చుక్క లేచింది. మిగతా చుక్కల కన్నా మెరుపు. తొందర లేకుండా, వణకకుండా నెత్తి మీదుగా నడిచిపోయి తూర్పున మాయమైంది. చూసినవాళ్లంతా తలా ఒక మాట అన్నారు. నాయన మాత్రం నోరు తెరుచుకుని నిలబడిపోయి, చాలాసేపటికి "అద్దం అక్కా. మా అద్దమే. ఆకాశంలో పెట్టినారు" అన్నాడు. ఆ బెలూనులో ఆయన వాటా ఏదో ఉన్నట్టే ఉండింది ఆ గొంతు.

మరునాడు మాకు పెరటి గోడ దగ్గర పాఠం జరిగింది. గోడకి అటు అత్తను, ఇటు నన్ను నిలబెట్టి, తాను గోడెక్కి అద్దం పట్టుకున్నాడు. గోడ కొండ అనుకోమన్నాడు. వైర్‌లెస్ మాట నేరుగా పోతుంది, కొండ తగిలితే ఆగిపోతుంది. ఆ మాటను పైనున్న అద్దం మీదికి విసిరితే అటుపక్క పడుతుంది. నిజమే, అద్దంలోంచి అత్త మొహం నాకు కనపడింది. గోడ దిగి రారా, నడుం విరుగుతాది అంటున్న మొహం. ఇదంతా తపాలా ఆఫీసు కోసమా అని అత్త అడిగితే, దండు కోసం కూడా అన్నాడు. ఒక దండు మాట ఇంకో దండుకు కొండలూ సముద్రాలూ దాటి చేరాలంటే ఇంతకు మించిన దారి లేదట. ఇంకో రకం కూడా వదులుతున్నారనీ, అది అద్దం కాదు కన్ను అనీ, ఎక్కడ రాకెట్టు బాంబు లేచినా దాని మంటను పైనుంచే కనిపెట్టాలని చూస్తున్నారనీ చెప్పాడు. అట్లాంటివి మనకు ఉన్నాయా అని అడిగాను. మనకు లేవన్నాడు.

ఆ మరుసటి ఏడే మా పెళ్లయింది. ధర్మవరం చీర అత్త స్వయంగా పోయి మగ్గం దగ్గర కూర్చుని నేయించింది. ఆ పై ఏడు ఎండాకాలంలో సెలవు మీద వచ్చి వెళ్లిన మా ఆయన్ని ఈశాన్య సరిహద్దుకు పంపారు. ఆ లోయల్లో వైర్‌లెస్ సెట్టు ఎంత తిప్పినా బుస్సుమనడం తప్ప మాట రాదని రాశాడు. నాయన ఆ ఉత్తరం చదివి, పెరటి గోడ వైపు చూశాడు. దసరా ముందు వచ్చిన ఆ ఉత్తరం తరవాత ఇంకో ఉత్తరం రాలేదు. చైనాతో యుద్ధం వచ్చింది.

నేను అప్పుడు కడుపుతో ఉన్నాను. ఉపవాసాలు నీకొద్దు, నీ వాటా కూడా నేనే ఉంటానని అత్త కార్తీక సోమవారాలు పట్టింది. పొద్దున్నే తల మీద నీళ్లు పోసుకుని, పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా ఉండి, సాయంత్రం చుక్కను చూసి దండం పెట్టుకుని అప్పుడు తినాలి. కొడుకు తిరిగి రావాలని మొక్కు. చుక్క కనపడకుండా తింటే మొక్కు చెడిపోతుంది. మొదటి వారాలు బాగానే జరిగాయి.

తరవాత ఒక సోమవారం తుపాను మబ్బు పట్టింది. అత్త మిద్దె మీదే కూర్చుంది, నన్ను పైకి రావద్దంది. చీకటి పడుతున్న వేళ దిగి వచ్చింది, మొహం విప్పారి ఉంది. మబ్బుల సందున చుక్క కనపడిందట. మబ్బులు పరిగెత్తుతుంటే చుక్కే పోతోందేమో అనిపించిందట. కడుపునిండా తిన్నది. నాయన రేడియో కట్టేసి ఇంటికొచ్చాక ఆయనకూ చెప్పింది. నేను వడ్డిస్తున్నాను. ఆయన చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. అత్త చెప్పిన మాటను తిరిగి చెప్పలేదు. అందిందని అనలేదు.

తెల్లారి అంగడికి పోయిన అత్తకు ఆదినారాయణ శెట్టి మాటల్లో మాటగా చెప్పేశాడు. నిన్న దీపాల వేళ పంచాయతీ ఆఫీసు మెట్ల మీద తానూ దాసప్పా నిలబడి మబ్బు సందున అమెరికా బెలూనును చూశారట. ఆ సాయంత్రం ఆకాశంలో కనపడింది అదొక్కటేనట. పాపం, ఆయన మనసులో ఏ చెడ్డా లేదు. అత్త సరుకులు అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది.

"నిన్న నేను చూసింది చుక్క కాదా?"

"కాదక్కా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు" అన్నాడు నాయన. నిజానికి అది మొండితనం కాదు, ధైర్యం చాలకపోవడమని ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది. ఆ సాయంత్రమే ఈశాన్య కొండల్లోని బొమ్డిలా చేజారిందన్న కబురు పెనుకొండకు చేరింది. అశ్వత్థప్ప ఉన్నది ఆ దారిలోనే అని మాకు తెలుసు. నాయన ఆ వార్తను తిరిగి చెప్పలేకపోయాడని ఆఫీసు ముందు కూర్చున్న ముసలివాళ్లు తరవాత అన్నారు.

అత్త ఏడవలేదు. అన్నం మానేసింది. తాను ఆత్రపడి బెలూనును చూసి తిన్నందువల్లే ఇదంతా అయిందని ఆమె మనసులో పడింది. ఆ మనసును ఎవరు కడుగుతారు? రోజుకు కాసిన్ని మజ్జిగ నీళ్లు తాగేది, అంతే. యుద్ధం ఆపేశారని రేడియోలో చెప్పినా ఆమె ఆపలేదు. నాకు దుఃఖం కన్నా కోపం ఎక్కువ వచ్చింది. వాడు నాకేమీ కాడా, నేను తింటున్నాను కదా, నా కడుపులో ఉన్నది నీ మనవడో మనవరాలో కాదా అని అరిచాను. నువ్వు తినమ్మే, నీకు దోషం లేదు అంది. నాయన రైలెక్కి హిందూపురం పోయి, జబల్‌పూరులోని సిగ్నల్ దళం రికార్డు ఆఫీసుకు తంతి కొట్టి వచ్చాడు. జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. వివరాలు ఇంకా అందలేదని ఉంది. నాయన దాన్ని అక్క ముందు నిలబడి అట్లాగే చదివాడు, ఒక్క మాట కూడా మెత్తబరచకుండా. అత్త అప్పటికి బాగా చిక్కిపోయింది. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకునేది.

ఆ జవాబు కన్నా ముందే, ఆమె తిండి మానిన మూడో నాడో నాలుగో నాడో, అత్త నాయనను ఒక మాట అడిగింది. నువ్వు చెప్పినావే ఆ పైనున్న కన్ను, రాకెట్టు మంట కనిపెట్టేది, దానికి మన అశ్వత్థుడు చలి కాచుకునే మంట ఆనదా అని. నాయన ఆలోచించాడు. ఆ మనిషి అట్లాంటి ప్రశ్నకు కూడా నిజంగానే ఆలోచించేవాడు.

"ఆనదక్కా. అంత చిన్న మంట దానికి కనపడదు. కనపడినా మనకు చెప్పేవాళ్లు లేరు."

ఆ తరవాత తనకు తెలిసిన ఇంకో సంగతి చెప్పాడు. ఆ బెలూను చాలా ఎత్తులో పోతుంది. ఇక్కడ మన మిద్దె మీద కనపడే వేళకే, మబ్బు లేకపోతే, ఈశాన్య కొండల్లో కూడా కనపడుతుంది. వాడెక్కడున్నాడో తనకు తెలియదు. ఉన్నాడో లేదో కూడా తెలియదు. ఉంటే మాత్రం తలెత్తి చూస్తాడు, ఎందుకంటే చూడమని నేర్పింది తానే. ఇంతవరకే నాకు తెలుసక్కా అన్నాడు.

అత్త ఆ మాటను లోపల చాలాసేపు నమిలింది. అయితే దాన్ని చూసే తింటానంది. నా కన్ను వాడి కన్ను ఒకే దాని మీద పడితే నాకది చాలంది. గుడి పూజారి వీరభద్రయ్య విని, మనిషి చేసిన బెలూను శాస్త్రానికి చుక్క కాదమ్మా అని మెత్తగానే చెప్పాడు. శాస్త్రం మీది సామీ, కొడుకు నాది అంది అత్త.

అట్లా మా ఇంట్లో కొత్త మొక్కు మొదలైంది. సాయంత్రం పేపరు చూసి వేళ చెప్పడం నాయన పని. అక్క చెయ్యి పట్టుకుని మిద్దె ఎక్కించేవాడు. తెల్లటి మెరుపు నడిచి వచ్చేది. అత్త దానికి దండం పెట్టేది కాదు, మాట్లాడేది. తిన్నావా, కాళ్లకు బూట్లు ఉన్నాయా, నీ పెళ్లాం నీలావతి బాగుండాది అని. అది తూర్పు దిక్కున మాయమయ్యేదాకా చూసి, దిగి వచ్చి రెండు ముద్దలు తినేది. మబ్బు పట్టిన రోజు పస్తే. అయినా కొంచెం కోలుకుంది. నేను కూడా లోలోపల దానికి చెప్పాల్సినవి చెప్పుకునేదాన్ని. అవి ఇక్కడ రాయను.

అయితే అది ఎప్పుడూ సాయంత్రమే కనపడే వస్తువు కాదు. కొన్ని వారాలు చీకటి పడే వేళకు వస్తుంది, ఆ తరవాత కొన్ని వారాలు మన వైపు ఆ వేళకు రానే రాదు. ఈ సంగతి నాయనకు మొదట్నుంచీ తెలుసు. అత్తకు చెప్పలేదు, ఆమె అడగలేదు. ఒకరోజు ఆయన పేపరు చదివి, ఎప్పటిలాగా కిటికీలో పెట్టకుండా మడిచి మొలలో దోపుకున్నాడు. ఆ రోజు నుంచే బెలూనుకు సెలవులు మొదలయ్యాయని నాకు అర్థమైంది. నిజం చెబితే అక్క వారాల తరబడి తినదు. చిక్కిపోయిన ఆ ఒంటికి వారం కూడా ఎక్కువే. చెప్పకపోతే ఎట్లా చూపిస్తాడు?

ఆ సాయంత్రం కూడా చెయ్యి పట్టుకుని మిద్దె ఎక్కించాడు. నేనూ వెనకాల ఎక్కాను. ఆకాశం శుభ్రంగా ఉంది. నాయన అటూ ఇటూ చూసి, ఈశాన్యంలో అప్పుడే లేచి మిలమిలలాడుతున్న ఒక చుక్క వైపు వేలు చూపించాడు. ఆ చుక్క నాకు తెలుసు. బ్రహ్మహృదయం. చిన్నప్పుడు నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని దాని పేరు నేర్పింది ఆయనే.

"అదిగో అక్కా" అన్నాడు. "ఈ పొద్దు దూరంగా పోతాంది. కొండల పైనుంచి. అందుకే కదిలినట్టు కనపడదు."

పులుసులో ఉప్పు తక్కువైందని పెళ్లిలో చెప్పిన మనిషి. అత్త ఆ చుక్కను చూసింది, తరవాత తమ్ముడి మొహం చూసింది, మళ్లీ చుక్కను చూసింది. కాళ్లకు బూట్లు ఉన్నాయా నాయనా అని దానితో మాట్లాడింది. దిగి వచ్చి తిన్నది. నాయన మాత్రం కడుపు బాగలేదని కంచం పక్కకు జరిపేశాడు.

మరుసటి సాయంత్రమూ అంతే. ఆ తరవాతా అంతే. అత్త తినేది, నాయన ఏదో ఒక సాకు చెప్పి రాత్రి తిండి మానేసేవాడు. నేను నోరెత్తలేదు. ఊళ్లో అందరి ముందూ నోరు పారేసుకునేదాన్నని నాకు పేరు. ఆ రోజుల్లో మాత్రం నా నోరు మూసుకుపోయింది. ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, ఆ కంచం తీసేటప్పుడు ఏడుపొచ్చేది.

తంతి వచ్చిన రోజు నాయన చేనుకు పోయి ఉన్నాడు. పోస్ట్‌మాన్ అక్కడికే సైకిలు తొక్కాడు. అశ్వత్థప్ప అస్సాంలో ఆసుపత్రిలో ఉన్నాడు, ప్రాణానికి భయం లేదు అని ఉంది. నాయన దాన్ని చదివి, పోస్ట్‌మాన్‌కు అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పాడు. నాకెందుకు చెప్తావప్పా, ఇంటికి పోయి చెప్పు అని వాడు తరిమాడట. చెనిక్కాయల చేలకు అడ్డంపడి పరిగెత్తుకొచ్చి, గుమ్మంలో నిలబడి అత్తకు ఒకసారి, నాకు ఒకసారి చెప్పాడు. మేము తిరిగి చెప్పేదాకా ఊరుకోలేదు. ఇద్దరం చెప్పాం. అత్త మూడుసార్లు చెప్పింది.

మాఘమాసంలో మా ఆయన ధర్మవరం వైపు నుంచి వచ్చే ప్యాసింజరు దిగాడు. ఎడమ కాలికి రెండు వేళ్లు లేవు. మంచు తినేసింది. కొండలు దిగి అడవులు పట్టి నడిచి నడిచి బయటపడ్డాడు. రైలు స్టేషను నుంచి ఇంటిదాకా సగం ఊరు వెంట వచ్చింది.

ఆ రాత్రి నలుగురం... కాదు, నా కడుపులో ఉన్న మా కూతురు విమలతో కలిపి అయిదుగురం, ఒకచోట కూర్చుని తిన్నాం. నాయన ఆగలేకపోయాడు. ఇన్నాళ్లూ దాచుకున్న ప్రశ్న అది. అల్లుడి వైపు వంగి, ఆ నడిచిన రోజుల్లో సాయంత్రం వేళ తలెత్తి చూశావా, బెలూను కనపడిందా అని అడిగాడు.

"ఆకాశం యాడిది మామా. పైన చెట్లు, కింద మంచు. కాళ్లకాడ చూసుకుంటా నడిస్తిమి. ఒక్కపొద్దు గూడా నేను తలెత్తలేదు."

నాయన మొహం చిన్నబోయింది. అక్కకు తాను చెప్పిన ఒక్కగానొక్క ఓదార్పు కూడా జరగలేదని తేలిపోయింది. కొడుకు ఏమీ చూడలేదు. తల్లి వట్టి ఆకాశంతో మాట్లాడింది. మజ్జిగ పోద్దామని నేను లేచాను. అప్పుడు అత్త, సంగటి ముద్దకు గుంట పెట్టి పులుసు పోసుకుంటూ, కొడుకుతోనే మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టింది.

"నువ్వు చూడకపోతే ఏమిరా. నేను చూసినా. కొన్నిదినాలు కదిలేదాన్ని చూసినా, కొన్నిదినాలు కదలనిదాన్ని చూసినా. కదలనిదాన్ని చూపించి కదుల్తాందని చెప్పినాడు మీ మామ. వాని నోట అబద్ధం రావడం నేను అప్పుడే చూడ్డం. చెప్పి, దానికి శిక్షగా వాడు పస్తుండినాడు. వాడు పస్తుండాడని తెలిసీ నేను దినామూ తిన్నా. నేను తినకుంటే వాడు ఆడిన అబద్ధం వృథా అయితాదని."

నా చేతిలో మజ్జిగ చెంబు అట్లాగే ఉంది. మా ఆయన తినడం ఆపి మామ వైపు చూశాడు. నాయన అలవాటు ప్రకారం అక్క మాటను తిరిగి చెప్పబోయి నోరు తెరిచాడు. మీ మామ, అబద్ధం, ఏదో మొదలుపెట్టాడు గానీ మాట రాలేదు. పెదాలు కదిలాయి. కళ్లల్లోంచి నీళ్లు కారి మీసంలోకి పోయాయి.

"అందిందా తమ్ముడా?"

"అందిందక్కా" అన్నాడు నాయన.

తిరిగి చెప్పకుండా ఆయన ఆ మాట అనడం నేను విన్నది అదొక్కసారే. తరవాత కంచం దగ్గరికి లాక్కుని, సంగటి ఆరకముందే తిన్నాడు.